కనుమల్లో బాయినెట్టు



నెపోలియన్ కాలపు యుద్ధాలను బొమ్మ గీసిన వాళ్ళెవరైనా సరే, సిపాయి చేతికి తుపాకీ ఇచ్చారంటే దాని కొసకు బాయినెట్టు తొడిగే ఇస్తారు. సినిమాలు తీసినవాళ్ళూ అంతే. పొగ, తప్పెట మోత, భుజం భుజం కలిపి నడిచే వరుసలు, ఆ వరుసల మీద మెరిసే ఉక్కు మొనలు. ఆ కాలం అనగానే మన కళ్ళకు కట్టేది ఈ దృశ్యమే. అయితే ఆ వరుసకు ముందు, వంద గజాలో రెండు వందల గజాలో అవతల, ఇంకో రకం సిపాయిలు ఉండేవాళ్ళు. ఇద్దరిద్దరుగా విడిపోయి, గట్టు చాటున ఒకడు, చెట్టు చాటున ఒకడు ఒదిగి, ఎవరికి వారు గురి చూసి కాల్చేవాళ్ళు. జోడులో ఒకడు కాలిస్తే రెండోవాడు తుపాకీ నింపి సిద్ధంగా ఉండేవాడు. వీళ్ళను స్కిర్మిషర్లు అన్నారు. ఎదుటి సైన్యం ఎక్కడుందో కనిపెట్టడం, దాని అధికారులను ఏరి కాల్చడం, తమ వరుస వచ్చేదాకా శత్రువును చికాకు పెట్టడం వీళ్ళ పని.

ఈ ముందు నడిచే సిపాయి తన తుపాకీకి బాయినెట్టు తొడుక్కొని పోరాడాడా, లేక దాన్ని నడుము పక్కన ఒరలోనే ఉంచుకొన్నాడా? ఈరోజు మాట్లాడదలచుకొన్నది దీని గురించి.

యూరప్‌లో రెండు శతాబ్దాల కిందట జరిగిన సంగతి తిరుపతిలో కూర్చొని మాట్లాడుకోవడం ఎందుకని అనిపించవచ్చు. 1804 డిసెంబరు 2న నెపోలియన్ పారిస్‌లో చక్రవర్తిగా కిరీటం పెట్టుకొన్నాడు. సరిగ్గా ఏడాదికి, 1805 డిసెంబరు 2న, ఆస్టర్లిట్జ్ గెలిచాడు. అదే 1804-05లో మన చిత్తూరు పాళెగాళ్ళ మీద ఈస్టిండియా కంపెనీ సైన్యం నడిచింది. కల్లూరు, పులిచెర్ల, మొగరాల, పాకాల, బంగారుపాళెం వైపు గుట్టల్లోనూ కనుమల్లోనూ కంపెనీ సిపాయిలు పాళెగాళ్ళ బంట్లను వెతుక్కొంటూ తిరిగారు. ఆ సిపాయి చేతిలోని తుపాకీ, యూరప్‌లో ఇంగ్లీషు సైనికుడి చేతిలోని తుపాకీ ఒకే కుదురులోవి. కాబట్టి ప్రశ్న మనదే.

ముందు ఆయుధాన్ని చూద్దాం. అది చెకుముకి తుపాకీ. చెకుముకి రాయి ఉక్కుకు రాసుకొని నిప్పురవ్వ పడితే రంజకం అంటుకొని, దాన్నుంచి గొట్టంలోని మందు పేలుతుంది. ఇంగ్లీషు సైన్యంలో మొదట దీని గొట్టం పొడవు 46 అంగుళాలు. తర్వాత 42 అయింది. కంపెనీ తన సిపాయిల కోసం దాన్ని ఇంకా కుదించి, 39 అంగుళాల గొట్టంతో, తక్కువ ఖర్చుతో ఒక నమూనా చేయించుకొంది. 1793లో ఫ్రాన్స్‌తో యుద్ధం మొదలై తుపాకులకు కరువు వచ్చేసరికి బ్రిటిష్ ప్రభుత్వం కంపెనీ కోసం తయారైన సరుకును కొనుక్కొంది, ఆ తర్వాత తన సైన్యానికి కూడా ఆ నమూనానే ఖాయం చేసింది. దానికి ఇండియా ప్యాటర్న్ అనే పేరు నిలిచిపోయింది. స్పెయిన్‌లోనూ వాటర్లూలోనూ నెపోలియన్ సైన్యాల మీద పేలినది మన దేశపు సిపాయి కోసం కుదించిన తుపాకీ! ఈ సంగతిని మన పాఠ్యపుస్తకాల్లో ఒక్క వాక్యంగానైనా రాయాలని నా కోరిక.

ఇక బాయినెట్టు. మొదట్లో, అంటే 17వ శతాబ్దంలో, దాని పిడిని తుపాకీ మూతిలోకే దిగ్గొట్టేవాళ్ళు. దిగ్గొట్టిన తర్వాత తుపాకీ కాల్చే దారి లేదు. 1689లో స్కాట్లండ్‌లో కిల్లీక్రాంకీ దగ్గర రాజు సైనికులు ఒక్క దఫా కాల్చి బాయినెట్లు దిగ్గొట్టుకొనే లోపలే కొండజాతులవాళ్ళు కత్తులు దూసి వాళ్ళ మీద పడ్డారు. ఆ దెబ్బల తర్వాత వచ్చినది తొడుగు బాయినెట్టు. గొట్టం మూతికి బయటినుంచి తొడిగే చిన్న ఇనుప గొట్టం, దానికి పక్కకు వంగిన మెడ, ఆ మెడకు 17 అంగుళాల మూడంచుల మొన. మెడ పక్కకు వంగి ఉండటం వల్ల గుండు దారికి అడ్డం రాదు. బాయినెట్టు తొడిగే ఉంచి కాల్చవచ్చు, మళ్ళీ నింపవచ్చు. తుపాకీ, బాయినెట్టు కలిస్తే ఆరడుగుల బల్లెం. మూడు వరుసలుగానో రెండు వరుసలుగానో నిలబడ్డ సిపాయిలు ఇది పట్టుకొంటే గుర్రం వాళ్ళ మీదికి రాదు. ఈటెలవాళ్ళనూ తుపాకులవాళ్ళనూ వేరువేరుగా పెట్టుకోవలసిన అవసరం యూరప్ సైన్యాలకు దీంతోనే తీరింది.

మరి కాల్చవచ్చు కదా, ముందు నడిచే సిపాయి కూడా తొడిగే ఉంచుకోవచ్చు కదా? ఇక్కడే అసలు సంగతి ఉంది.

వరుసలోని సిపాయి ఒక మనిషిని గురి చూడడు. ఆజ్ఞ రాగానే ఎదురుగా ఉన్న గుంపు మీదికి అందరితో కలిసి పేలుస్తాడు. స్కిర్మిషర్ అలా కాదు, అతను ఒక్కణ్ణి ఎంచుకొని కొట్టాలి. దోటి కొసకు కొడవలి కట్టి చింతకాయ దులిపిన వాళ్ళకు ఆ కొస బరువు చేతిని ఎలా కిందికి లాగుతుందో తెలుసు. ఒక పౌను ఇనుము గొట్టం మూతి దగ్గర వేలాడుతుంటే గురి అలాగే కిందికి వాలుతుంది. దీనికి తోడు ఇంగ్లీషు తుపాకీలో ఇంకో తిరకాసు ఉంది. దాని గొట్టం మీద గురి చూసుకోవడానికి విడిగా ముక్కు లేదు. బాయినెట్టును పట్టి ఉంచే చిన్న ఇనుప మొటిమే గురిముక్కుగా పనికొచ్చేది. బాయినెట్టు తొడిగితే ఆ మొటిమ తొడుగు గాడిలో ఇరుక్కుపోతుంది. గురి చూడాల్సినవాడికి ఆసరాగా ఉన్న ఆ ఒక్కటీ మరుగవుతుంది.

నింపడం ఇంకో కష్టం. తూటాను పంటితో చింపి, రంజకం పోసి, మందూ గుండూ గొట్టంలో వేసి, ఇనుప కడ్డీతో దట్టించాలి. మొన పక్కనే చెయ్యి పైకీ కిందికీ ఆడుతుంది. కవాతు మైదానంలో నిలబడి నింపేటప్పుడు జాగ్రత్త పడవచ్చు. గట్టు వెనక ఒంటి మోకాలి మీద కూర్చొనో, పడుకొనో నింపేవాడికి వేళ్ళు చీరుకుపోవడం మాటల్లో పని. పైగా పొదలోంచి దూరేటప్పుడు మొన కొమ్మకు తగులుకొంటుంది. చాటున ఒదిగినవాడి జాడను ఎండలో మెరిసే ఉక్కు బయట పెట్టేస్తుంది.

ఇవన్నీ ఆనాటి సైన్యాధికారులకు అనుభవంలో ఉన్నవే. 1792లో బ్రిటిష్ సైన్యానికి డేవిడ్ డండాస్ కూర్చిన కవాతు నిబంధనల్లో తేలిక పదాతి కంపెనీల గురించి ఒక విభాగం ఉంది. బారులో నడిచేటప్పుడు వాళ్ళు తుపాకీ భుజాన వాల్చి బాయినెట్టు తొడిగి ఉండాలి. పక్కలకూ ముందుకూ విడిగా పంపినవాళ్ళు మాత్రం తుపాకీని చేతికింద వేలాడేసి, బాయినెట్టు లేకుండా ఉండవచ్చు. కారణం కూడా అక్కడే చెప్పారు: తొణక్కుండా, నింపాదిగా గురి చూసుకోవడానికి. ఈ ప్రశ్నకు నాకు కనిపించిన అన్నిటికంటే స్పష్టమైన జవాబు ఇదే. అయితే 'ఉండవచ్చు' అన్నారు గానీ 'తీసెయ్యాలి' అనలేదు. ఆ నిర్ణయాన్ని ముందున్న అధికారికి వదిలేశారు.

రైఫిల్ పట్టినవాళ్ళ సంగతి వేరు. 1800లో బ్రిటిష్ సైన్యం బేకర్ రైఫిల్‌ను తీసుకొంది. దాని గొట్టం 30 అంగుళాలే. లోపల ఏడు గాళ్ళు, వాటి వల్ల గుండు తిరుగుతూ వెళ్ళి గురికి తగిలేది. నింపడం మాత్రం ఆలస్యం. అంత పొట్టి ఆయుధంతో గుర్రపువాడి ముందు నిలబడటం కష్టం గనక దానికి దాదాపు రెండడుగుల కత్తినే బాయినెట్టుగా ఇచ్చారు. రైఫిల్ మూతి పక్కన తగిలించేది. అది తగిలించి కాలిస్తే గురి చెడేది, కాబట్టి రైఫిల్ సిపాయి దాన్ని చాలావరకు ఒరలోనే మోసుకు తిరిగాడు. కట్టెలు కొట్టుకోవడానికీ గుడారం దగ్గర చిల్లర పనులకూ వాడుకొన్నాడు. ఇప్పటికీ బ్రిటిష్ రైఫిల్ దళంలో బాయినెట్లు తొడగమనే ఆజ్ఞకు బదులు 'కత్తులు తొడగండి' అనే ఆజ్ఞే వినిపిస్తుంది.

ఫ్రెంచివాళ్ళు వేరే దారి పట్టారు. 1804, 1805లలో నెపోలియన్ తన పదాతి బెటాలియన్లలో వోల్టిజర్లు అనే తేలిక కంపెనీలను పెట్టాడు. పొట్టి మనుషులను, చురుకైనవాళ్ళను ఏరి చేర్చాడు. ఫ్రెంచి స్కిర్మిషర్లు బాయినెట్టు తొడిగే ముందుకు వచ్చిన సందర్భాలు ఎక్కువ. వాళ్ళ తుపాకీ గొట్టాన్ని బిగించే పట్టీ మీద గురిముక్కు విడిగా ఉండేది గనక బాయినెట్టు దానికి అడ్డం రాదు. వాళ్ళ అలవాటుకు ఇదొక కారణమని నా అభిప్రాయం. ఇంకో కారణం, చెదురుగా కాలుస్తూ కాలుస్తూ ఒక్కసారిగా గుంపుగా మీద పడటం వాళ్ళ పద్ధతి. రష్యావాళ్ళు ఇంకా ముందుకు వెళ్ళారు. వాళ్ళ సేనాని సువోరోవ్ నేర్పిన సైన్యంలో గుండు కంటే మొనకే గౌరవం ఎక్కువ, పదాతి తుపాకీకి బాయినెట్టు ఎప్పుడూ తొడిగే ఉండేది.

ఇంత గౌరవం పొందిన మొన ఎంతమందిని చంపింది? నెపోలియన్ సైన్యంలో శస్త్రవైద్యుడు లారే, ఫ్రెంచివాళ్ళూ ఆస్ట్రియావాళ్ళూ చేతికి చేయి తగిలేంత దగ్గరగా పోరాడిన చోట గాయాలు లెక్క చూశాడు. తుపాకీ గుండు గాయాలు 119, బాయినెట్టు గాయాలు 5. సైనిక చరిత్రకారులు ఈ లెక్కను పదేపదే చెబుతారు. మొన గుచ్చుకోకముందే ఎవరో ఒకరు వెనక్కి తిరిగేవాళ్ళు. అది చూపించి భయపెట్టే ఆయుధంగా ఎక్కువ పనిచేసింది. విడిగా ఒక్కడుగా ఉన్నవాడు చూపించి భయపెట్టగలిగింది ఎంత? ఆ బలమంతా వరుస కట్టినప్పుడే.

అయినా ఒర ఖాళీగా వెళ్ళలేదు. బాయినెట్టు లేకుండా ఏ సిపాయినీ ముందుకు పంపలేదు. గుర్రపు దండు వచ్చిపడితే గతి ఏమిటి? 1811 మే 5న, పోర్చుగల్ సరిహద్దులో ఫ్యూంటెస్ ద ఒనోరో దగ్గర, ఇంగ్లీషు గార్డ్స్ దళం స్కిర్మిషర్లు తెరపి మైదానంలో చెదిరి ఉండగా ఫ్రెంచి రౌతులు చుట్టుకొన్నారు. గుమిగూడి నిలబడేలోగానే చాలామంది నరుకుళ్ళ పాలయ్యారు. అలాంటి వేళ బాయినెట్టు తొడగడానికి పట్టే కొన్ని క్షణాలే ప్రాణం. అదే యుద్ధంలో రెండు రోజుల ముందు, మే 3న, 71వ హైలాండ్ లైట్ ఇన్‌ఫాంట్రీ దళం ఆ ఊరి సందుల్లో బాయినెట్లతో దూసుకుపోయి ఫ్రెంచివాళ్ళను వెనక్కి నెట్టింది. తేలిక పదాతి దళమే! చెట్టు చాటున అక్కరలేని మొన ఊరి సందులో కావలసి వచ్చింది.

ఈ 71వ దళం పేరు చెప్పానంటే కారణం ఉంది. 1780లో ఈ దళానికి 73 అనే అంకె ఉండేది. స్కాట్లండ్ నుంచి మద్రాసు వచ్చింది. ఆ ఏడాది హైదర్ అలీ కనుమలు దిగి ఆర్కాటు నవాబు ఏలే కర్ణాటకం మీద పడ్డాడు. గుంటూరు వైపు నుంచి కర్నల్ బెయిలీ తన దండుతో కంచి దగ్గర ప్రధాన సైన్యాన్ని కలవడానికి బయల్దేరాడు. అతనికి సాయంగా కర్నల్ ఫ్లెచర్ కింద గ్రెనేడియర్ కంపెనీలనూ, 73వ దళపు తేలిక కంపెనీనీ పంపారు. వాళ్ళలో కెప్టెన్ డేవిడ్ బెయర్డ్ ఒకడు. 1780 సెప్టెంబరు 10న పొల్లిలూరు దగ్గర హైదర్, టిప్పు ఈ దండునంతా చుట్టుముట్టారు. మందుగుండు బండ్లు పేలిపోయాయి. తూటాలు అయిపోయాక మిగిలినవాళ్ళు చతురస్రంగా నిలబడి బాయినెట్లతో గుర్రాలను ఆపుతూ వచ్చారు. చివరికి లొంగిపోయారు. బెయర్డ్ శ్రీరంగపట్నం చెరలో నాలుగేళ్ళ దాకా ఉన్నాడు, 1799లో అదే కోట మీద లగ్గకు ముందు నడిచాడు. శ్రీరంగపట్నం దరియా దౌలత్ బాగ్ గోడ మీద టిప్పు ఈ పొల్లిలూరు యుద్ధాన్ని బొమ్మ వేయించాడు. చతురస్రం మధ్యలో పల్లకీలో బెయిలీ, చుట్టూ తుపాకులవాళ్ళు, నాలుగు వైపులా గుర్రాలు. దారిన వెళ్ళేవాళ్ళు ఆగి చూడవలసిన గోడ అది.

పొల్లిలూరు మనకు ఒక పాఠం చెబుతుంది. 1780 నుంచి 1782 దాకా ఈ ప్రాంతంలో తిరిగిన కంపెనీ సిపాయికి శత్రువంటే గుర్రం. కంపెనీకి గుర్రపు దండు కొరత, హైదర్‌కు అదే బలం. 1781 సెప్టెంబరు 27న షోలింగూరు దగ్గర కంపెనీ సేనాని సర్ అయిర్ కూట్ హైదర్‌ను ఎదుర్కొన్నాడు. మనవాళ్ళు యోగనరసింహస్వామి కొండకు వెళ్ళే షోలింగూరే అది. హైదర్ రౌతులు వరుసల మీదికి దూకారు, మద్రాసు సిపాయిలు కదలకుండా నిలిచి వాళ్ళను చీల్చారు. అలాంటి చోట ముందుకు వెళ్ళిన చెదురు సిపాయి ఒర ఖాళీ చేసుకొనే ఉంటాడని, అంటే మొన తొడిగే ఉంటాడని, నేను గట్టిగా అనుకొంటున్నాను. తెరపి నేల, ఏ దిక్కున దుమ్ము లేచినా భయమే. గురి కొంచెం చెడినా ప్రాణం మిగలాలి కదా! షోలింగూరు తర్వాత కూట్ సైన్యం ధాన్యం కోసం పాళెగాళ్ళ సీమలోకి వచ్చింది, నవంబరులో చిత్తూరు కోటను పట్టుకొంది. మరుసటి ఏడాది డిసెంబరు 7న చిత్తూరు దగ్గరి నరసింగరాయనిపేట విడిదిలో హైదర్ కన్నుమూశాడు.

ఇరవై ఏళ్ళు గడిచాయి. అదే చిత్తూరు, అదే కంపెనీ సిపాయి. ఎదుటివాడు మాత్రం మారాడు.

1800 అక్టోబరులో నిజాం కడప, బళ్ళారి సీమలను కంపెనీకి ఇచ్చేశాడు. 1801 జూలైలో ఆర్కాటు నవాబు నుంచి కర్ణాటకం కంపెనీ చేతికి వచ్చింది. చిత్తూరు పాళెగాళ్ళు నవాబుకు పేష్కషు కట్టి, తమ ఊళ్ళకు తామే కావలి కాసి, ఆ కావలి రుసుముతో బంట్లను పోషించుకొన్నవాళ్ళు. కొత్త దొరకు రెండో అధికారం అక్కరలేదు, సాయుధులైన బంట్లు అసలే అక్కరలేదు. తగవు పెరిగి 1804కు తిరుగుబాటు అయింది, మరుసటి ఏడాదికి అణిగిపోయింది.

ఆ బంటు ఎలాంటివాడు? జీతానికి బదులు ఇనాం మడి సాగు చేసుకొనే కట్టుబడి మనిషి. చేతిలో నిప్పు వత్తితో పేలే జామగి తుపాకీ, నడుముకు కత్తి, లేకపోతే ఒక బల్లెం. జామగి తుపాకీ నింపడానికి చాలా సేపు పడుతుంది, వాన పడితే జామగి ఆరిపోతుంది, చీకట్లో దాని నిప్పు శత్రువుకు కనిపిస్తుంది. ఆ తుపాకీకి బాయినెట్టు లేదు. అతనికి కవాతు రాదు, కానీ కనుమలో ఏ బండ వెనక ఇద్దరు పడతారో తెలుసు, ఏ కోనలో ఎండాకాలం కూడా నీళ్ళుంటాయో తెలుసు, కలివి పొదల్లో దారి ఎక్కడ చీలుతుందో తెలుసు. కాల్చి, కనబడకుండా పోయి, ఇంకో గుట్ట మీద తేలతాడు. యూరప్ సైన్యాలు పుస్తకాలు రాసి, కంపెనీలు పెట్టి, బూర ఊది నేర్పించుకొన్న విద్య ఇతనికి పశువులు కాసిన ఈడు నుంచీ ఉంది. నా దృష్టిలో చిత్తూరు కట్టుబడి బంటు ఆ కాలపు ప్రపంచంలోని మంచి స్కిర్మిషర్లలో ఒకడు. ఈ మాట అభిమానం కొద్దీ అంటున్నా, అభిమానంతో మాత్రమే అనడం లేదు.

వెదురు పొదల్లోనూ ముళ్ళకంపలోనూ ఇతని వెంట పడ్డ సిపాయికి ఆరడుగుల మొనకట్టె ఎంత భారమో ఊహించండి. మొగిలి కనుమ దారి విడిచి పదడుగులు పక్కకు వేసి చూడండి, భాకరాపేట కనుమలో రోడ్డు దిగి ఒక్క వాగు దాటి చూడండి. ఇక్కడ గుర్రం పరిగెత్తదు. గుర్రం లేనప్పుడు మొన తొడగవలసిన మొదటి కారణమే పోయింది. డండాస్ నిబంధనలోని 'ఉండవచ్చు' ఈ గుట్టల్లో 'ఉండాలి' అయి ఉంటుంది. మొన ఒరలోకి పోవాలి, తుపాకీ చేతికింద వేలాడాలి, కళ్ళు పొదల మీద ఉండాలి. కోట గోడ దగ్గరికి వచ్చాక మళ్ళీ తొడగాలి.

కోట గోడ దగ్గర ఏమైందో చెప్పడానికి ఇంకొంచెం దక్షిణానికి పోదాం. తిరునెల్వేలి సీమలోని పాంచాలంకురిచ్చి పాళెగాడు కట్టబొమ్మ నాయకుడిది ఇంట్లో తెలుగు మాట్లాడే కంబళత్తు వంశం. అతన్ని 1799 అక్టోబరు 16న కయత్తారు దగ్గర ఉరితీశారు. తమ్ముడు ఊమైదురై 1801లో చెర తప్పించుకొని వచ్చి, కూలగొట్టిన కోటను మళ్ళీ లేపాడు. ఆ ఏడాది మార్చి 31న కంపెనీ సైన్యం కోటకు గండి కొట్టి లగ్గ పట్టింది. గండిలో నిలబడ్డవాళ్ళ చేతుల్లో సుమారు 18 అడుగుల బల్లేలు. బాయినెట్టు తొడిగిన తుపాకీ ఆరడుగులు. లెక్క అక్కడే తేలిపోయింది. గండి ఎక్కినవాళ్ళు ఎక్కినట్టే రాలారు, సైన్యం వెనుదిరిగింది. ఆ దండులో ఉన్న జేమ్స్ వెల్ష్ అనే అధికారి తన జ్ఞాపకాల పుస్తకంలో ఆ బల్లేలవాళ్ళ ధైర్యాన్ని గౌరవంతో రాశాడు. పెద్ద ఫిరంగులు తెప్పించుకొని, కొత్త పటాలాలు చేర్చుకొని, మే 24న గానీ కోట పట్టలేకపోయారు. ఊమైదురై శివగంగ మరుదు సోదరుల దగ్గరికి చేరాడు. వాళ్ళ కాళైయార్‌కోయిల్ అడవిలోకి కంపెనీ సైన్యం ఏ ఆయుధంతో దూరింది? గొడ్డలితో. నెలకు పైగా రోజూ చెట్లు కొడుతూ బాట వేసుకొంటూ పోయారు, రోజూ పొదల్లోంచి గుండ్లు తిన్నారు. చివరికి ఆ బాట వదిలిపెట్టి వేరే దిక్కుల నుంచి వచ్చి అక్టోబరు 1న పట్టుకొన్నారు.

చెట్ల మధ్య కవాతు సైన్యం ఎంత తబ్బిబ్బు పడుతుందో తర్వాత నెపోలియన్‌ను ఓడించిన మనిషికి కూడా మన దక్షిణాదిలోనే తెలిసివచ్చింది. 1799లో శ్రీరంగపట్నం మీదికి వేలూరు నుంచి నడిచిన సైన్యంలో ఆర్థర్ వెల్స్లీ ఒక కర్నల్. ఏప్రిల్ 5 రాత్రి, కాలువలతో నిండిన సుల్తాన్‌పేట తోపును పట్టుకోమని అతన్ని పంపారు. చీకట్లో కాలువల్లో పడుతూ లేస్తూ దండు చెల్లాచెదురైంది, టిప్పు మనుషులు తుపాకులూ రాకెట్లూ కాల్చారు. వెల్స్లీ మోకాలికి దెబ్బ తగిలించుకొని వెనక్కి వచ్చాడు. తెల్లవారాక ఫిరంగుల అండతో ఆ తోపును సులువుగానే పట్టుకొన్నాడు గానీ, ముందుగా చూడని చోటికి రాత్రివేళ దండును తోలకూడదని ఆనాడు నేర్చుకొన్నాడు. అతనే తర్వాత వెల్లింగ్టన్ ప్రభువు. స్పెయిన్‌లో అతని ప్రతి యుద్ధంలోనూ వరుస ముందు దట్టమైన స్కిర్మిషర్ల తెర ఉండేది.

కంపెనీ కూడా నేర్చుకొంది. 19వ శతాబ్దం మొదట్లో మద్రాసు సైన్యంలో కొన్ని సిపాయి పటాలాలను తేలిక పదాతిగా మార్చారు. పాళెయంకోట, వాలాజాబాదు, తిరుచిరాపల్లి పేర్లతో ఒక్కొక్కటి, మన శ్రీకాకుళం పేరుతో ఒకటి: చికాకోల్ లైట్ ఇన్‌ఫాంట్రీ. అంతకు యాభై ఏళ్ళ ముందే క్లైవు వెంట బెంగాలు వెళ్ళిన మద్రాసు సిపాయిలను అక్కడివాళ్ళు తెలంగాలు అని పిలిచారు. చెట్టు చాటున నిలబడి, మొన తీసి, నింపాదిగా గురి చూడటం అనే పాఠాన్ని ఉత్తరాంధ్ర రైతుబిడ్డలు కంపెనీ కవాతు మైదానంలో నేర్చుకొన్నారు. ఆ పాఠం రాయలసీమ గుట్టల్లో వాళ్ళకు ఎదురు నిలిచినవాళ్ళకు ముందే వచ్చు.

చిత్తూరు పాళెగాళ్ళ కోటలను పడగొట్టేశారు, బంట్ల ఆయుధాలు లాగేసుకొన్నారు. కంపెనీ తన వైపు కథంతా కాగితం మీద పెట్టుకొంది. ఏ దళం ఎప్పుడు కదిలింది, ఎన్ని తూటాలు ఖర్చయ్యాయి, ఎవరికి ఎంత పింఛను ఇచ్చారు, అన్నీ రాసి ఉన్నాయి. ఎదుటి వైపు మనిషి ఏమీ రాయలేదు. అతని తుపాకీ ఎంత పొడవు, అతని బల్లెం బరువెంత, దాని మొన ఏ ఊరి కమ్మరి చేశాడు అనే ప్రశ్నలకు వస్తువులే జవాబు చెప్పాలి. ఇంగ్లీషువాడి బాయినెట్టును చెన్నై సెయింట్ జార్జి కోట మ్యూజియంలో అద్దం వెనక చూడవచ్చు. మన బంటు బల్లెం అక్కడక్కడా ఇళ్ళల్లో అటక మీద తుప్పు పడుతోంది, లేదా ఆయుధపూజ నాడు పసుపూ కుంకుమా పెట్టించుకొని మళ్ళీ మూలకు చేరుతోంది.

వింటున్నవాళ్ళలో పాత పాళేల ఊళ్ళవాళ్ళు ఉంటారు. మీ ఇంట్లోనో మీ ఊరి గుడిలోనో అలాంటి పాత బల్లెం గానీ, జామగి తుపాకీ గొట్టం గానీ, కత్తి గానీ ఉంటే దాన్ని పాత ఇనుము కింద అమ్మెయ్యకండి. ఇసుకతో తోమి మెరుగు పెట్టించకండి, దాని మీద గుర్తులేమైనా ఉంటే చెరిగిపోతాయి. పొడవు కొలిచి, ఫోటో తీసి, అది మీ ఇంటికి ఎలా వచ్చిందో మీ తాతలు చెప్పిన మాట ఒక కాగితం మీద రాసి, ఆ వివరాలను పురావస్తు శాఖవారికో దగ్గరలోని విశ్వవిద్యాలయం చరిత్ర విభాగానికో పంపండి. ఊరి చివర కోట మిట్ట ఉంటే దాని మట్టి ఇళ్ళకూ రోడ్లకూ తోలుకుపోకుండా ఆపండి. ఆ పని ఈ ఏడే మొదలు పెట్టండి.